బొచ్చె పిల్ల తలలో డప్పు

ఒకప్పుడు గోదావరిలో వేలెడంత చేపపిల్ల కూడా గుడ్లు పెట్టడానికి బయల్దేరేదర్రా. నవ్వకండి, నిజంగానే. పెట్టేదా అంటే పెట్టేది కాదు. అదీ గొడవ.

ప్రతి చేప తలలోనూ మెదడు కింద ఆవగింజంత ఆయన ఒకడు కాపురముంటాడు. పేరు పీయూషం. బడి పుస్తకంలో పీయూష గ్రంథి అని గంభీరంగా రాస్తారు గానీ, మనకి పీయూషం చాలు. ఆయన దగ్గర రెండు డప్పులు. చిన్నది మోగితే కడుపులో గుడ్డుసంచి గుడ్లు పెంచాలి. పెద్దది మోగితే వాటిని వదిలేయాలి.

డప్పన్నాక కాచాలి కదా. తోలు చల్లబడితే ఎంత కొట్టినా పలకదు. అందుకని పీయూషం పక్కనే కుంపటి పెట్టుకుని రెండింటినీ ఎప్పుడూ వేడివేడిగా ఉంచేవాడు. వరదకి ఎర్రనీరు వచ్చిందని కళ్లు చెప్పడం ఆలస్యం, పెద్ద డప్పు దంచేసేవాడు.

గున్న అని ఓ బొచ్చె చేపపిల్ల ఉండేది. నిరుడు ఆ మోత విని పెద్దచేపల వెంట వరదకి ఎదురీదింది. కడుపులో గుడ్లేమీ లేవు. ఊరికే ఒళ్లు హూనం చేసుకుని, పొలుసులు రాళ్లకి ఒలుచుకుని తిరిగొచ్చింది. దాని జతగాళ్లు అసలు తిరిగే రాలేదు.

ఈ ఏడు మళ్లీ ఎర్రనీరు, మళ్లీ మోత. ఈసారి వెళ్తే గున్న బతకదని పిన్ని సూరమ్మకి తెలుసు. మొప్ప పట్టుకుని వెనక్కి లాగింది.

"నేనేం చెయ్యను పిన్నీ, తలలో మోగుతుంటే తోక ఆగట్లేదు" అంది గున్న.

సూరమ్మకి విసుగెత్తిపోయింది. గున్న నుదుటికి మూతి ఆనించి పీయూషాన్నే కడిగేసింది. "ఏవయ్యా, నిరుడు రాలిన పొలుసులే ఇంకా రాలేదు పిల్లకి. కాస్త చూసుకుని వాయించలేవూ?"

పీయూషానికీ విసుగే. నీటి సంగతి కళ్లు చెప్తాయి, కడుపు సంగతి చెప్పేవాడేడీ, చేతులు పడిపోయేలా వాయిస్తుంటే మెచ్చుకునే దిక్కు లేదు అని సణిగాడు.

కడుపులోంచి గుడ్డుసంచి అందుకుంది. "నీ మోత ఆగితేగా బావా చెప్పడానికి. అరిచి అరిచి గొంతు పోయింది. ఆ కుంపటి ఇటివ్వు. చిన్న డప్పుకి నీ అరచేతి రాపిడి చాలు. గుడ్లు ఎదిగేకొద్దీ వేడి నేనే పంపుతాను. వేడి తగిలాక చిన్న డప్పు తగ్గించు. పెద్దదాన్ని బిగించుకుని సిద్ధంగా ఉంచు."

కుంపటి లేని డప్పువాణ్ణి చూసి ఊరు నవ్వదా అన్నాడు పీయూషం. అంటూనే ఇంకో దెబ్బ వేశాడు. గున్న తోక కొట్టుకుంటూ వరదలోకి సాగిపోయింది.

సూరమ్మ అడ్డంగా ఈది ఒక్క మాటే అంది. "ఈ పిల్ల పోతే నువ్వెక్కడ కూచుని వాయిస్తావయ్యా?"

పీయూషం చేతిలో పుల్ల ఆగింది. కుంపటిని రక్తంలోకి దించాడు. రక్తం దాన్ని మోసుకెళ్లి గుడ్డుసంచి ముందు పెట్టింది. పెద్ద డప్పు చల్లబడింది. అనుమానంగా ఓ దెబ్బ వేసి చూశాడు. తడి గోనెసంచిలా తప్పుమంది. గున్న తోక ఆగింది.

ఆ ఏడు గున్న పిన్ని పక్కనే తిని పెరిగింది. బాగా ఎదిగాక కడుపులోంచి వేడి బొట్టుబొట్టుగా వచ్చింది. డప్పు బిగిసింది. ఎర్రనీటికి ఖంగుమని మోగింది. ఈసారి గున్న నిండు కడుపుతో వెళ్లింది, గుడ్లు పెట్టి తిరిగొచ్చింది.

అది చూసి మిగతా చేపల పీయూషాలూ తమ కుంపట్లు కడుపుల్లోకి దించేశారు. అప్పటినుంచే చేపపిల్లల తలలో పెద్ద డప్పు చల్లగా పడి ఉంటుంది. కడుపు వేడి పంపేదాకా ఎంత వరదొచ్చినా మోగదు. పీయూషం మాత్రం ఎర్రనీరు రాగానే అలవాటుకొద్దీ ఓ దెబ్బ వేసి చూస్తాడట. తప్పుమంటే విసుక్కుని పుల్ల పక్కన పడేస్తాడు.