పదును ఆరకముందే

ఆ రోజు వడ్డన అయిపోగానే ఫక్రుద్దీన్ గురువు దగ్గరికి వెళ్ళాడు. ముఖం చిన్నబోయి ఉంది.

ఎర్రమల కొండల పాదాన జలీల్ షా అనే సూఫీ గురువు ఆశ్రమం ఉండేది. నాలుగు గదులు, ఒక వంటపాక, ధాన్యం దాచుకునే పాతర. అంతే. ఫక్రుద్దీన్ అక్కడికి వచ్చి మూడేళ్ళయింది. పట్నంలో అత్తరు వ్యాపారుల బిడ్డ. దేవుడి కోసం మనసు తపించి, ఇల్లు వదిలి నడిచి వచ్చాడు. గురువు అతనికి జపమాల ఇవ్వలేదు. అంబలి గంటె ఇచ్చాడు.

అవి కరువు రోజులు. మధ్యాహ్నానికి దగ్గర పల్లె జనం గిన్నెలతో వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కరికీ పోస్తూ అతను లోపల్లోపల దేవుణ్ణి పిలుచుకునేవాడు. ఏదో దగ్గరికి వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయేది. ఈ కరువు తీరితే, ఈ వరస లేకపోతే, తీరిగ్గా కూర్చుని ఆయన్ని వెతుక్కోవచ్చు కదా అని ఆశపడేవాడు.

ఆ ఏడు వాన పడింది. మూడు రోజులు ఆగకుండా పడింది. ఫక్రుద్దీన్ వానలో నిలబడి ఏడ్చాడు. నాలుగో రోజు మధ్యాహ్నం చూస్తే వరస అలాగే ఉంది. ఐదో రోజూ, ఆరో రోజూ అంతే.

ఆ రోజు వడ్డన అయ్యాక వెళ్ళి గురువుకు చెప్పుకున్నది అదే. వీళ్ళు తేరగా తినడానికి అలవాటు పడ్డారన్నాడు. అంబలి ఆపేస్తే తప్ప చేలకు పోరన్నాడు. అందరిలోకీ సుంకులమ్మ అనే ఆమె మీద అతనికి ఎక్కువ కోపం. యాభై ఏళ్ళ మనిషి. వాన పడిన దగ్గర్నుంచి రోజూ గోళ్ళనిండా తడిమన్నుతో వచ్చి కూర్చుంటోంది. కడుక్కుని రమ్మని రెండుసార్లు చెప్పాడు. తలవంచుకుని కొంగుకు తుడుచుకునేది. మర్నాడు మళ్ళీ అదే మన్ను.

జలీల్ షా అంతా విన్నాడు.

మర్నాడు వడ్డన వేళకు ఆయనే వరస దగ్గరికి వచ్చాడు. సుంకులమ్మ వంతు రాగానే శిష్యుడి చేతిలోంచి గంటె తీసుకుని కుండ మీద అడ్డంగా పెట్టేశాడు. ఇవాళ్టి నుంచి అంబలి ఉండదేమోనని ఆమెకు భయం వేసింది. చాచిన గిన్నె అలాగే ఉండిపోయింది.

ఆయన ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"ఈ చేతులకు మన్ను ఎక్కడిదమ్మా?"

సుంకులమ్మ చేతులు కొంగులో దాచుకుంది. మెల్లగా చెప్పింది. ఊరికి పడమట ఆమెకు రెండెకరాల చేను ఉంది. వాన పడిన దగ్గర్నుంచి పొద్దున్నే అక్కడికి పోతోంది. మట్టిలోకి వేలు దింపి పదును, విత్తడానికి చాలే తడి, ఎంత లోతు ఉందో చూసుకుంటుంది. పిడికెడు మన్ను తీసి ఉండచేసి, దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఎండ ఎక్కాక లేచి ఇటు వస్తుంది.

"మరి విత్తలేదేం?"

"యాడుంది సామీ విత్తనం? తినేస్తిమి."

కరువు మొదటి ఏడు ఎద్దుల్ని అమ్ముకున్నారు. రెండో ఏడు పెనిమిటి వలసపోయి మళ్ళీ రాలేదు. మూడో ఏడు, విత్తనానికని దాచిన కొర్రల కుండను ఉట్టిమీంచి దించింది. దించేముందు దానికి దండం పెట్టుకుందట. ఇంట్లో కోడలు బాలింత. తప్పలేదు అంది.

వరసలో ఉన్నవాళ్ళు తలలు ఊపారు. అన్ని ఇళ్ళలోనూ జరిగింది అదే. పదును ఇంకో వారం ఉంటుందని, ఆ తర్వాత విత్తనం దొరికినా లాభం లేదని వెనకనుంచి ఒక ముసలాయన అన్నాడు.

"కండ్లు మూస్తే మొలకలే కనపడతాండాయి సామీ," అంది సుంకులమ్మ. "తెరిస్తే చేను బోసిగా ఉంటాది."

జలీల్ షా శిష్యుడి వైపు తిరిగాడు.

"మూడేళ్ళుగా ఈమెతో ఏం మాట్లాడావు?"

ఫక్రుద్దీన్ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు.

"గిన్నె ఇటు పట్టమన్నాను, హజ్రత్. చేతులు కడుక్కోమన్నాను."

గురువు లేచి పాతర తెరిపించాడు. అందులో ఇంకా దంచని కొర్రలు ఉన్నాయి. నాలుగు నెలల అంబలికి దాచినవి. వాటిలో సగానికి పైగా విత్తనానికి ఇచ్చేయమన్నాడు. ఆశ్రమం నీళ్ళబండికి కట్టే ఎద్దుల్ని కూడా విప్పి పల్లెకు తోలించాడు.

ఫక్రుద్దీన్‌కు నమ్మకం కలగలేదు. వీళ్ళు ఆకలికి తాళలేక ఆ గింజల్ని దంచుకుని తినేస్తే ఏం గతి అని గురువు చెవిలో అడిగాడు. ఆయన కొలతపాత్ర తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

గింజలు పంచిన సాయంత్రం అతను పల్లెకు వెళ్ళాడు. ఎక్కడైనా రోకలి చప్పుడు వినపడుతుందేమోనని చెవి ఒగ్గి వీధి వీధీ తిరిగాడు. ఒక్క ఇంట్లోనూ వినపడలేదు. సుంకులమ్మ ఇంటి ముందు ఆగాడు. లోపల పసిబిడ్డ ఆకలికి ఏడుస్తోంది. కోడలు ఏదో పాడి ఊరుకోబెడుతోంది. ఆ ఇంట్లోనూ రోకలి మోగలేదు.

అతను తల వంచుకుని తిరిగి వచ్చాడు.

ఆరు రోజుల్లో పల్లె అంతా విత్తేశారు. ఎద్దులు లేవు గనక ఫక్రుద్దీన్ ఆశ్రమానికి కావడితో నీళ్ళు మోశాడు. భుజాలు పుండ్లు పడ్డాయి. మిగిలిన కొర్రల్లో ఆకులు, దుంపలు కలిపి పల్చగా అంబలి కాచేవాళ్ళు. గురువు ఒక పూట తన వంతు మానుకునేవాడు. గిన్నెలో అంబలి పోసేటప్పుడు ఫక్రుద్దీన్ ఇప్పుడు ఒక్కొక్కరినీ చేను సంగతి అడిగేవాడు. సుంకులమ్మ వేలితో కొలిచి చూపించేది, మొక్క ఇంత అయింది, ఇంత అయింది అని.

మూడో నెల దాటాక కోతలు మొదలై వరస తగ్గింది. ఒకరోజు సుంకులమ్మ చోటు ఖాళీ. మర్నాడు ఇంకో పదిమంది లేరు. చివరికి ఒక గుడ్డి తాత, కాళ్ళు సరిగా ఆడని ఇద్దరు ముసలమ్మలు మిగిలారు.

ఫక్రుద్దీన్‌కు కోరుకున్న తీరిక దొరికింది. కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మనసంతా వాకిలి వైపే. మధ్యాహ్నం అయ్యేసరికి ఏ అడుగుల చప్పుడైనా వినపడుతుందేమోనని చూసేవాడు. దేవుడి కోసం కూడా తాను ఇంతగా ఎదురుచూడలేదేమో అనిపించింది.

ఒకరోజు ఉండబట్టలేక ఆమె చేనుకు వెళ్ళాడు. కొర్ర వంగి ఉంది. సుంకులమ్మ, కోడలు వంగి కోస్తున్నారు. గట్టుమీద నిలబడి పలకరించాడు. ఆమె కొడవలి ఆపకుండానే, మబ్బు పడతాంది నాయనా, ఇప్పుడు నిలబడి మాట్లాడలేను అంది. అతను కాసేపు అక్కడే ఉండి వచ్చేశాడు.

జలీల్ షా వంటపాక అరుగుమీద కూర్చుని ఉన్నాడు. శిష్యుడి ముఖం చూసి ఏమైందని అడిగాడు.

"ఆమె నన్ను తలెత్తి కూడా చూడలేదు హజ్రత్."

గురువు అతని పుండ్లు మానిన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆమె మనల్ని మరిచిపోవాలనే కదయ్యా, ఇన్నాళ్ళు పొయ్యి రాజేశాం."