రాయప్ప ఎద్దు ధర్మయుద్ధం

తోటపాలెం విచారణ గుడి, అదే కతోలిక చర్చి, వెనక గొడ్ల చావిట్లో రాయప్ప అనే ముసలి ఎద్దు ఉండేది. ఆదివారం పూజకీ, సాయంత్రం జపమాలకీ దాని చెవులు గుడి కిటికీ వైపే తిరిగి ఉండేవి. ఉపదేశిగారు పెద్దవాళ్ళకి చెప్పే మత పాఠాలు వినీ వినీ దానికి కంఠతా వచ్చేశాయి. చావిట్లో ఏ తగవొచ్చినా గొడ్లన్నీ రాయప్ప మొహమే చూసేవి. ఆ పెద్దరికం దానికీ కొంచెం తియ్యగానే ఉండేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చావిడి మొత్తానికి ఒక్క గడ్డివామి మిగిలింది. అదిగో, అప్పుడే నక్క వచ్చి గోడ పక్కన కూలబడింది.

"రాయప్పన్నా, నాకెందుగ్గానీ మీ మేలు కోరి చెబుతున్నా. కాలవ అవతల దొడ్లో గొర్రెలున్నాయే, మీ వామి మీద కన్నేశాయి. రేపో మాపో పొట్టేళ్ళని ముందు పెట్టుకుని వచ్చిపడతాయి. అంతదాకా ఎందుకు, మీరే ముందు పోయి నాలుగు పొడవండి."

రాయప్పతో కాడి మోసే కుర్ర ఎద్దు శౌరి కాలితో నేల దువ్వింది. "పోదాం పదన్నా! పునీత అంతోనివారి పండక్కి ఫాదర్‌గారు మన కొమ్ముల మీద దీవించిన నీళ్ళు చల్లలేదా? ఊరికే చల్లాడా?"

"నీ తోక మీదా పడ్డాయి. వామి మీద కూర్చున్న కాకి మీదా పడ్డాయి," అంది రాయప్ప. "చల్లగా ఉండమని దీవించాడు గానీ పొడవమని కాదు."

గొడ్లన్నీ నవ్వాయి. జ్ఞానమ్మ అనే ఆవు మాత్రం నవ్వలేదు. దాని దూడ డొక్కల్లో ఎముకలు తేలి ఉన్నాయి. "వామి పోతే నా బిడ్డకేం పెట్టాలన్నా?" అని అడిగింది.

రాయప్ప చాలాసేపు నెమరేస్తూ ఆలోచించింది. "ఉపదేశిగారు చెప్పేదేంటంటే, దిక్కులేనివాళ్ళని కాపాడటానికి ఇంకే దారీ లేనప్పుడే పోరాటం. ముందు మాటలతో తేల్చుకోవాలి. పోరాడినా ఏ పాపం ఎరగనివాళ్ళ జోలికి పోకూడదు. అందుకని ముందు ఎవరైనా వెళ్ళి వాళ్ళతో మాట్లాడాలి."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎంత ధర్మంగా చెప్పావన్నా! అసలే మోకాళ్ళ నొప్పులు, నీకెందుకు శ్రమ? నేను వెళ్ళొస్తాగా."

వెళ్ళి తుమ్మచెట్టు నీడన హాయిగా ఓ కునుకు తీసింది. మధ్యాహ్నానికి కుంటుకుంటూ తిరిగొచ్చింది.

"కాళ్ళావేళ్ళా పడి బతిమాలానన్నా. 'ఎద్దుల మాట మాకేం లెక్క' అని తరిమికొట్టారు. చూడు నా కాలు!"

రాయప్ప గుండెలో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ చావిడంతా తన మొహమే చూస్తోంది. "అయితే ఇంక వేరే దారి లేదు," అంది. "పొట్టేళ్ళని తప్ప ఎవర్నీ ముట్టుకోకండి."

మర్నాడు మేతకి వదలగానే ఎద్దులు కాలవ దాటాయి. దొడ్డి వాకిలి దగ్గర కాపలా ఉన్న పొట్టేళ్ళు కాలవ గట్టు దాకా ఎదురొచ్చాయి. దుమ్ములో ఎవరెవరో తెలియలేదు. శౌరి కాలు విరిగి పడింది. రాయప్ప కొమ్ము ఓ ముసలి పొట్టేలు డొక్కలో దిగింది.

"ఎందుకన్నా?" అంది ఆ పొట్టేలు కింద పడి. "మేమేం చేశాం?"

"మాట్లాడటానికి నక్కని పంపితే తరిమికొట్టారుగా!"

"నక్కనా? పిల్లలున్న దొడ్డి దాపుకి నక్కని రానిస్తామా? మాకు తుమ్మకాయలున్నాయి, మీ ఎండుగడ్డి మాకెందుకు?" అంటూనే కళ్ళు మూసింది.

అప్పుడు దొడ్లోంచి గొర్రెపిల్లల అరుపులు వినిపించాయి. వాకిలి దగ్గర కాపలా లేదు. నక్క ఓ పిల్లని నోట కరుచుకుని పొదల్లోకి పరిగెడుతోంది. దాని వెనక దాని చుట్టాలు, అన్నీ నిండు నోళ్ళతోనే.

ఆదివారం గుడిలో జనం పాపాలొప్పుకునే జపం చెబుతూ, గుండెలు బాదుకుంటూ "నా పాపమే, నా పాపమే" అంటుంటే రాయప్ప వినలేకపోయింది. శౌరి చావిట్లో ఓ మూల పడి ఉంది. ఇంక అది కాడి మొయ్యదు. రాయప్ప కుడితి ముట్టలేదు. తెల్లారాక ఒంటరిగా కాలవ దాటి గొర్రెల దొడ్డి ముందు నిలబడింది. మగణ్ణీ పిల్లనీ పోగొట్టుకున్న గొర్రె వాకిట్లోకి వచ్చింది.

"అమ్మా, ధర్మం తప్పకూడదనే అనుకున్నా. పాఠంలో చెప్పినట్టే అన్నీ చేశా. మాట్లాడి రమ్మని పంపా కూడా."

"ఎవర్ని పంపావు?"

"నక్కని," అంది రాయప్ప.

"నువ్వే రావాల్సింది గదన్నా," అంది గొర్రె ఏడుపు దిగమింగుకుంటూ. "కాలవ మోకాటి లోతే గదా. నా పెనిమిటిని పొడవటానికి దాటావు. నాతో ఓ మాట మాట్లాడటానికి దాటలేకపోయావా?"

గొర్రె లోపలికి వెళ్ళిపోయింది.

నీతి: యుద్ధం న్యాయమో కాదో, దానివల్ల కడుపు నిండేవాణ్ణి అడిగి తేల్చుకోకూడదు.