ఆదెమ్మ వదిలిపోయిన కొయ్యలు

చూసినవాళ్ళు ఇప్పుడు లేరు. చెప్పినవాళ్ళు ఉండేవారు, విన్నవాళ్ళం మనం ఉన్నాం. అలాంటి కాలంలో, ఏటికి ఇవతల రేగుదిన్నె అని ఒక ఊరుండేది.

ఆ ఊరి వడ్రంగి గురవాచారి. నాగలి చెయ్యాలన్నా ఆయనే, గుమ్మం నిలపాలన్నా ఆయనే, బండికి చక్రం ఎక్కించాలన్నా ఆయనే. దుంగని ఒకసారి తట్టి చూసి, అదేమవుతుందో చెప్పేసేవాడు. తుమ్మయితే నాగలి, టేకయితే తలుపు. చెప్పాడంటే చెప్పినట్టే.

అదే ఊళ్ళో దంపుళ్ళ ఆదెమ్మ ఉండేది. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి వడ్లు దంచేది. కూలికిచ్చిన నూకలు కొంగున కట్టుకుని ఇంటికొచ్చేది. ముందూ వెనకా ఎవరూ లేరు. పొద్దుటి పూట ఊరిది, మధ్యాహ్నం మాత్రం ఆమెది.

ఒక మధ్యాహ్నం ఆమె గురవాచారి పాక ముందుకొచ్చి నిలబడింది.

"ఆచారయ్యా, మీకు పనికిరాని ముక్క ఒకటిస్తారా?"

"పొయ్యిలోకా?"

"కాదయ్యా, ఏదో ఒకటి చేద్దామని."

"ఏం చేస్తావు?"

"తెలీదు. చేశాక తెలుస్తుంది."

గురవాచారి పకపకా నవ్వాడు. కొయ్య పట్టాక తెలియకపోవడమేమిటి? అయినా కాలితో ఒక ముక్క అటు తోశాడు. ఆమె దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని పోయింది.

ఆమె దగ్గర ఉలి లేదు, కొయ్య చెక్కే బాడిశ లేదు. విరిగిన కొడవలి ముక్క, ఒక రాయి, అంతే. పది రోజులకి ఒక పీట చేసింది. దానికి మూడే కాళ్ళు.

"నాలుగోది మరిచిపోయావా ఆదెమ్మా?" అన్నాడు గురవాచారి, అటుగా పోతూ.

"కూర్చుని ఊగి చూడండయ్యా."

ఆమె ఇంటి నేల అంతా ఎగుడుదిగుడు. ఆయన కూర్చుని ఇటు వాలాడు, అటు వాలాడు. పీట ఊగలేదు. లేచి ఇంటికెళ్ళాడు. అన్నం ముందు కూర్చుని భార్యతో అన్నాడు: "పీట ఊగలేదే!"

మరో మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. "ఆచారయ్యా, ముక్క."

"ఈసారేం చేస్తావు?"

"తెలీదు. చేశాక తెలుస్తుంది."

ఈసారి తెడ్డు చేసింది. దాని కాడ కింద చిన్న కొక్కెం. కుండ అంచుకి తగిలిస్తే పులుసులోకి జారిపోకుండా వేలాడుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాంటిదే కావాలని గురవాచారి ప్రాణం తీశారు. ఆయన చేసిచ్చాడు. చేస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాడు: ఇన్నేళ్ళనించి పులుసులో పడుతున్న తెడ్డుని నేనెందుకు చూడలేదు?

ఆ తరవాత ఆయన నవ్వడం మానేశాడు. ముక్కని కాలితో తొయ్యడం కూడా మానేశాడు. చేత్తో ఇచ్చేవాడు.

ఇలా ఉండగా, ఒక ఎండాకాలం బండి ఇరుసు జారి గురవాచారి కుడిచేతి మీద పడింది. బొటనవేలు పోయింది. పుండు మానింది గానీ బాడిశ పట్టు చిక్కలేదు. పడితే జారుతుంది, ఎత్తితే తిరిగిపోతుంది. తొలకరి దగ్గరపడింది. బాగుచెయ్యాల్సిన ఊరి నాగళ్ళన్నీ పాకలో గోడకి ఆనించి ఉన్నాయి. ఆయన వాటి వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. "మరో ఊరి వడ్రంగిని పిలుచుకోండి" అన్నాడు రైతులతో. ఆ మాట అన్నాక రెండు రోజులు పాకలోంచి బయటికి రాలేదు.

మూడో రోజు ఆదెమ్మ వచ్చింది. ముక్క అడగలేదు.

"ఆచారయ్యా, మీ చెయ్యి ఒకసారి చూపిస్తారా?"

"చూడ్డానికేముంది ఆదెమ్మా, లేనిది లేదు."

"ఉన్నదే చూస్తానయ్యా."

ఆమె బాడిశకి ఒక పిడి చేసింది. బరువెక్కువైంది. రెండోది చేసింది. అది అరచేతిని ఒరిసింది. గురవాచారి విసుగ్గా, "నీకెందుకమ్మా ఈ ప్రయాస?" అన్నాడు. ఆమె రెండో పిడిని పక్కన పెట్టింది. ఏటి ఒడ్డుకి వెళ్ళి గుప్పెడు బంకమట్టి తెచ్చింది.

"బాడిశ అనుకుని గట్టిగా పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళూ మట్టిలో దిగాయి. ఆమె ఆ ముద్దని ఎండబెట్టింది. దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఎక్కడ లోతుంటే అక్కడ లోతు, ఎక్కడ ఎత్తుంటే అక్కడ ఎత్తు, మూడో పిడి చెక్కింది. మణికట్టుకి తగిలించుకోవడానికి ఒక తోలుపట్టీ కట్టింది.

గురవాచారి బాడిశ ఎత్తాడు. తిరగలేదు. తుమ్మ మొద్దు మీద ఒక్క దెబ్బ వేశాడు. జారలేదు. ఇంకో దెబ్బ వేశాడు. చెక్కపేడు ఎగిరింది. ఆయన కళ్ళు తుడుచుకుని, "చెయ్యకముందే తెలిసిందా ఆదెమ్మా, ఇది కుదురుతుందని?" అని అడిగాడు.

"ఎక్కడయ్యా! రెండు చెడ్డాయిగా."

ఆ ఏడు వానకి ముందే నాగళ్ళన్నీ పొలాల్లో ఉన్నాయి.

ఏళ్ళు గడిచాయి. ఒక జ్వరానికి ఆదెమ్మ పోయింది. దంచడానికి రమ్మన్న ఇల్లాలు తలుపు తోసి చూసి, ఊరిని పిలిచింది. అయినవాళ్ళు లేరు కాబట్టి ఊరే అయినవాళ్ళయింది. అటక మీద చూస్తే కొయ్య వస్తువులు, గంపలకి గంపలు. ఏడు బెజ్జాలున్నదొకటి. పిట్ట రెక్కలా వంగినదొకటి. రెండు గరిటెలు వీపులంటించుకుని పుట్టినట్టున్నదొకటి. ఏది దేనికో ఒక్కరికీ తెలియలేదు.

"చితిలోకి పనికొస్తాయి, తెండి" అన్నాడు ఊరిపెద్ద.

గురవాచారి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఆగండి. ఇవేమిటో తెలీకుండా ఎలా తగలబెడతాం? చితికి నా దూలం ఇస్తాను. ఇవి మాత్రం ముట్టుకోవద్దు."

వస్తువులు చేతులు మారాయి. "ఇది పూలు గుచ్చేదేమో" అంది ఒకావిడ. "కాదు, పాలు వడకట్టేది" అంది ఇంకొకావిడ. "నీ మొహం, ఎలకల్ని పట్టేది" అన్నాడో తాత. ఏడవడానికొచ్చినవాళ్ళు వాదించుకున్నారు. వాదించుకుంటూ నవ్వారు. నవ్వీ నవ్వీ, అడుగుదామంటే ఆమె లేదని గుర్తొచ్చి, అప్పుడు నిజంగా ఏడ్చారు.

దహనం అయ్యాక ఇంటికొకటి తీసుకెళ్ళారు. గురవాచారి పిట్ట రెక్కలాంటిది తీసుకున్నాడు. బతికినన్నాళ్ళూ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అదేమిటో కనుక్కోకుండానే పోయాడు.

రేగుదిన్నెలో ఇప్పటికీ ప్రతి ఇంట్లో గుమ్మం పక్క గూట్లో ఒక కొయ్య ఉంటుంది. దాన్ని ఆదెమ్మ కొయ్య అంటారు. కొత్తకోడలు గడప దాటి లోపలికి రాగానే అత్తగారు దాన్ని చేతిలో పెట్టి, "ఇదేమిటో చెప్పమ్మా" అంటుంది. తప్పు జవాబు లేదు. కోడలు దువ్వెనంటే ఆ రోజు దానితోనే తల దువ్వుతారు. మూకుడు మీద మూతంటే ఆ రోజు అదే మూత. ఇల్లంతా చేరి వింతగా చూస్తారు.

మర్నాడు కడిగి, తుడిచి, మళ్ళీ గూట్లో పెడతారు. ఇంకొకరు వచ్చి ఇంకొకటి చెప్పేదాకా అది ఏమీ కాకుండా ఉంటుంది.