గంజి పట్టిన నూలు

తిని చేయి కడుక్కున్న కాసేపటికే తల్లి మళ్లీ ఆకలంటోంది. రాజమల్లుకు వచ్చిన కష్టం అదే.

రాజమల్లు నూలుకు రంగు వేసే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. పదేళ్లుగా భావనయ్య గురువుగారి మఠానికి వస్తున్నాడు. మఠమంటే పెద్దదేం కాదు. సాలెల వాడలో ఒక పెంకుటిల్లు, ముందు వసారా, పెరట్లో రంగు కాగులు. గురువుగారు బతికేదీ ఆ పనితోనే. ప్రతి పున్నానికీ అక్కడ భజన చేసి బెల్లం పరమాన్నం పంచుతారు. వండే వంతు రాజమల్లుది.

తల్లి మాణిక్యమ్మకు చక్కెర జబ్బు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. రెండేళ్లుగా మతిమరుపు. ముందు పొయ్యి మీది గిన్నె మరిచింది, తర్వాత ఇంటి దారి మరిచింది. ఈ మధ్య కొడుకునే మరిచి, పరాయివాణ్ణి పిలిచినట్టు "అయ్యా" అంటోంది. గురువు చేత్తో పెట్టిన ప్రసాదం మతి తెస్తుందని రాజమల్లు నమ్మకం. తీపి పెట్టొద్దని డాక్టరమ్మ ఎంత కోప్పడినా వినకుండా, ప్రతి పున్నానికీ ఆమెకు రెండు గిన్నెల పరమాన్నం తినిపించేవాడు.

ఆ పున్నం నాడు పొద్దున్నే తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెను వసారాలో కూర్చోబెట్టి గురువుగారికి మొక్కాడు.

"అయ్యా, నిన్న పాపం చేసిన. అవ్వ మీద చెయ్యెత్తిన. కొట్టలే గని, ఎత్తిన. తిన్న పళ్లెం ముందట్నే ఉన్నది, ఆకలైతుందంటది. అబద్ధమాడుతున్నవని వాడంతా వినేటట్టు ఒర్లిన."

గురువుగారు అతన్ని లేపి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"డాక్టరమ్మేమో ఇంకో తీరు చెప్తది. చక్కెర జబ్బుకూ ఈ మతిమరుపుకూ లోపల చుట్టరికం ఉండొచ్చట. ఒంట్ల ఇన్సులిన్ చెప్పిన మాట కణాలు వింటలేవట. రక్తం నిండ చక్కెర ఉన్నా మెదడు దాన్ని సరిగ్గ వాడుకోలేకపోతదట. ఇంక తెలుసుకునేది చాన ఉన్నదని ఆమెనే అన్నది. నిండుగ ఉన్నకాడ కరువెట్లుంటదయ్యా?"

"అయ్యా, జర ఆకలైతుంది" అంది వసారాలోంచి మాణిక్యమ్మ.

"ఇప్పుడే గద తిన్నవు" అని కసిరాడు రాజమల్లు. అన్నాక సిగ్గుపడి తల దించుకున్నాడు.

గురువుగారు లేచి పెరట్లోకి నడిచారు. గంజి పెట్టి ఆరేసిన తెల్ల నూలు పోగుల కట్టలు, చిలపలు, దండెం మీద ఉన్నాయి. కట్టెలా బిర్రెక్కిన చిలప ఒకటి తీసి శిష్యుడి చేతికిచ్చి, ఎర్రరంగు కాగు చూపించారు.

"ముంచు."

రాజమల్లుకు మనసు చివుక్కుమంది. "గంజి కడగకుండనా? నిన్న పని నేర్చినోడు గూడ ముంచడయ్యా."

"నువ్వు ముంచు."

ముంచాడు. చాలాసేపు గడిచింది. గురువుగారు ఇంకో రెండు చెంబుల చిక్కటి రంగు పోయమన్నారు. అదీ పోశాడు. చివరికి తీసి పిండాడు. పైకి మంచి ఎరుపు. గురువుగారు ఆ చిలపను మధ్యకు కత్తిరించి, తెగిన చోటు అతని కళ్ల ముందు పెట్టారు. గంజి అడ్డుపడి లోపలి పోగులు తెల్లగానే ఉన్నాయి.

"రంగు తక్కువైందా?" అని అడిగారు.

"లేదయ్యా."

"మరి ఈ పోగు నాకు రంగు అందలే అంటే, అబద్ధమా?"

రాజమల్లుకు నిన్న ఎత్తిన చేయి గుర్తొచ్చింది. "ఇప్పుడు కడిగితే ఎక్కుతదా అయ్యా?" అన్నాడు.

"ఎంత ఎక్కుతదో నాకు తెల్వది. కడుగుడైతే మానొద్దు. డాక్టరమ్మ చెప్పినట్టు నడువు."

గురువుగారు లోపలికి వెళ్లి, పరమాన్నానికి తెచ్చిపెట్టిన బెల్లం ముద్దను అటక మీదికి ఎక్కించారు. ఈసారి ప్రసాదానికి శనగలు నానబెట్టమని చెప్పారు. "ఇన్నేండ్లు ఈ తీపి నా చేత్తోనే పెట్టిన" అన్నారు మెల్లగా. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

రాజమల్లు వసారాలోకి వచ్చాడు. చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి.

"అయ్యా, ఆకలైతుంది" అంది తల్లి.

నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు.

"నిజమే అవ్వా. ఆకలే నీకు."

మాణిక్యమ్మ అతని ముఖంలోకి చూసింది.

"నువ్వు నమ్మినవయ్యా. నా కొడుకు నమ్మడు" అంది.

రాజమల్లు ఆమె చేయి వదల్లేదు.