పేరు చీటీ పీకేసిన పెద్దమనిషి

ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే నాకు మిగిలిన ఈ రెండు పళ్ళూ ఇప్పుడే ఊడిపోవాలి. విను తల్లీ.

అనగనగా, సముద్రాలకి అవతల, రోము అనే ఊళ్ళో నుమేరియస్ అని ఒక కవి ఉండేవాడు. పగలూ రాత్రీ చుక్కల్ని చూసీ చూసీ ఆయన మెడ కొంగ మెడంత సాగిపోయింది. రాశుల మీద, మనిషి బతుకు మీద పెద్ద కావ్యం రాశాడు. ఆ రోజుల్లో పుస్తకమంటే చాపలా చుట్టిన పొడుగాటి కాగితం. రాసినవాడి పేరు ఆ చుట్టకు వేలాడే చీటీ మీదే ఉండేది. పాపం, ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. తను పోయాక ఆ పేరొక్కటి మిగిలితే చాలనుకున్నాడు.

ఆ ఊళ్ళో పద్ధతేమిటంటే, కవికి అన్నం పెట్టే ధనవంతుడు ఒకడుండాలి. ఈయనకి గవియస్ దొరికాడు. పొద్దున బొజ్జ గదిలోకి వస్తే, మనిషి మధ్యాహ్నానికి వచ్చేవాడు.

"అంత బొజ్జా అమ్మమ్మా?"

"తగ్గించే చెప్పానే."

మొదట గవియస్, "కావ్యం మొదట్లో నా పేరుండాలోయ్" అన్నాడు. కవి పెట్టాడు. ఆ తర్వాత, "నేను పుట్టిన సింహరాశిని బాగా పొగుడు" అన్నాడు. పొగిడాడు. అప్పుడు, "నా అంత గొప్పవాణ్ణి చుక్కలు ఇంకెవణ్ణీ పుట్టించలేదని రాయి. రేపు విందులో చదవాలి" అన్నాడు.

"అది మాత్రం నిజం కాదండీ" అన్నాడు కవి.

"నిజం ఎవడడిగాడు? పద్యం అడిగాను."

మర్నాడు విందుకి ఊరంతా వచ్చింది. అప్పుడు కవి లేచి ఇలా చదివాడు: ఈ ఇంట్లో యజమాని పుట్టిన గడియలోనే వంటవాడూ పుట్టాడు, ఇద్దరికీ చుక్క ఒక్కటే. ఒకడు వండుతాడు, ఒకడు తింటాడు. ఆ తేడా పెట్టింది చుక్కలు కాదు, మనుషులు.

జనం నవ్విన నవ్వుకి పైకప్పు పెంకులు లేచి పక్కవీధిలో పడ్డాయి. గవియస్ మొహం కందగడ్డయింది. ఏం చేశాడనుకున్నావు? ఆ పేరు చీటీ పుటుక్కున పీకి పొయ్యిలో పడేశాడు. "ఇప్పుడిది ఎవడి పద్యమోయ్?" అన్నాడు.

ఆ పద్యాలు బాగున్నాయని విందుకొచ్చినవాళ్ళంతా రాసుకుపోయారు. ఆ తర్వాత అవి ఏడు సముద్రాలూ దాటాయి. కాని వాటి మొదట్లో ఎవరి పేరుంది? గవియస్‌ది. అన్నం పెట్టినవాడి పేరు నిక్షేపంలా ఉంది, రాసినవాడి పేరు బూడిదైంది. పండితులు కూడా "ఎవడో కవి" అంటారు. ఎవడో ఏమిటి, వాళ్ళ మొహం. మరి నాకెలా తెలుసంటావా? నాకు తెలియంది ఏముందే.

కథ నడిచి కంచి చేరింది,
కోపం నాకు ముక్కుకెక్కింది.

లే, వసారాలో మీ తాతయ్య ఉన్నాడు. వెళ్ళి "నుమేరియస్" అని చెప్పిరా. దారిలో మర్చిపోకు.