సున్నపు బట్టీ మేస్త్రీ కొలువు

ఒక రాజ్యంలో కొత్త కోట కడుతున్నారు. కోట పనిలో ఒళ్ళు పాడైనవాళ్ళకు బతికినంతకాలం రాజుగారి గాదె నుంచి గింజలు కొలవడం అక్కడి ఆచారం. సున్నపు బట్టీ మేస్త్రీ ఓబన్న ఆ దుమ్ములో పనిచేసి చేసి దగ్గుతో మంచం పట్టాడు. గింజలడగడానికి అతని భార్య ఈరమ్మ సభలోకొచ్చి నిలబడింది.

పనులు చూసే అధికారి తిమ్మానాయుడు వెంటనే అడ్డం తగిలాడు.

“ప్రభూ, దుమ్ము వల్లే దగ్గొచ్చిందని రుజువేముంది? వాడు చుట్టలు కాలుస్తాడు. ఆ పొగే వాడి కొంప ముంచింది. సున్నపు దుమ్ము ఎవరినీ ఏమీ చెయ్యదు.”

గింజలు రాకపోతే పిల్లలకు గంజి కూడా ఉండదు. ఈరమ్మ కొంగు సవరించుకుని మెల్లగా అంది.

“అయ్యగారు చెప్పారంటే నిజమే అయ్యుంటుంది దొరా. మా ఆయన కొలువు ఖాళీగానే ఉంది. అయ్యగారి అల్లుడుగారు పని కోసం తిరుగుతున్నారంట. ఆ బాబు చుట్ట ముట్టరు కూడాను. ఆ కొలువు వారికిప్పించండి.”

“మంచి జీతమున్న కొలువే. రేపే చేరమను నాయుడూ,” అన్నారు రాజుగారు.

తిమ్మానాయుడు అదిరిపడ్డాడు. “వద్దు ప్రభూ! ఆ దుమ్ములో ఏడాదుంటే పిల్లాడి ఊపిరితిత్తులు ఏం కావాలి? నా కూతురి గతేంటి?”

అనేశాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. సభంతా గొల్లున నవ్వింది.

“రుజువేదని నువ్వే అడిగావు, నువ్వే ఇచ్చావు,” అన్నారు రాజుగారు నవ్వుతూ. “పద, దగ్గరుండి గింజలు కొలిపించు.”

ఈరమ్మ ఇంటికి పరుగున వచ్చి మంచం పక్కన కూలబడింది. “ఇక తిండికి బెంగలేదయ్యా,” అని నవ్వబోతే ఏడుపొచ్చింది.