మూడు తెరల మహారాజు, ఒంటి తెర పాపన్న

రాజుల కాలంలో కంప్యూటర్లు ఎక్కడివయ్యా అని సణిగేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు. గుమ్మం అటుంది, చెప్పులూ అక్కడే ఉన్నాయి. కుంకుడుకోట సంస్థానంలో కంప్యూటరుండేది. దాని ముందు ఏనుగుల మీద ఊరేగించి తెచ్చిన మానిటర్లు మూడు! అవి వెలిగితే పక్క రాజ్యంలో కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి. ఇందులో ఆవగింజంత అబద్ధమున్నా నా మీసం మీరే గొరగండి.

ఆ మూడు తెరల ముందు కూర్చుని వీరభుజంగ మహారాజు పొద్దస్తమానం 'కోట ముట్టడి' ఆడేవాడు. ఎదుటివాడి కోట మీద జెండా ముందు పీకినవాడిదే గెలుపు. నడిమి తెరలో యుద్ధం, ఎడమ తెరలో కోట పటం, కుడి తెరలో తాను దాచిపెట్టిన సైన్యం. ఒంటి తెరతో ఆడేవాడు పటం చూడాలంటే యుద్ధం మూసెయ్యాలి. మళ్లీ తెరిచేలోగా జెండా గల్లంతు! అందుకే రాజుగారికి ఓటమన్నది తెలీదు.

ఒకనాడు ఆయనకు కొలువులో బుద్ధి పుట్టింది.

"నా మూడు తెరల వైభవం ఎలాంటిదో తలా ఒక మాట చెప్పండి."

అందరూ పొగిడారు. తెరలు అమర్చిన ఆస్థాన యంత్రవిశారదుడు త్రిలోచనశాస్త్రి అందరికంటే ఎక్కువ పొగిడాడు, అదీ తననే. చివరికి విదూషకుడు పాపన్న వంతు వచ్చింది.

"భోగమే ప్రభూ, కాదనను. పక్కనుంచి వచ్చే శత్రువు పక్కనే కనబడతాడు. కానీ తెరకూ తెరకూ నడుమ ఆ నల్ల చట్రం ఉందే, నిన్న తమ సేనాపతి దాని వెనక చిక్కుకుంటే కాగడాలు వేసి వెతికాం. అటూ ఇటూ తిప్పిన తమ మెడకు మర్దనా చేసీ చేసీ కోటలో నువ్వులనూనె నిండుకుంది. పులిహోరలో పోపు చూసి ఎన్నాళ్లయిందో!"

పరదా చాటున రాణిగారు కిసుక్కున నవ్వారు. రాజుగారి ముఖం కందగడ్డయింది.

"అందని పండు పుల్లన ప్రభూ!" అని శాస్త్రి ఎగదోశాడు.

"అయితే రేపు నాతో ఆడరా పాపన్నా. నీకు ఒక్కటే తెర. గెలిస్తే అడిగిందిస్తాను. ఓడావో, కొలువూ లేదు, కోటా లేదు. పొద్దు గుంకేలోగా మూట సర్దుకో!"

పాపన్న లెక్క వేసుకున్నాడు. కోట బయట చమత్కారానికి గుప్పెడు గింజలు రాల్చేవాడు లేడు. ఇంట్లో ఆకలేస్తే నవ్వించి పడుకోబెట్టడానికి పెళ్లాం ఒప్పుకోదు.

మర్నాడు పొద్దున్నే సభామండపానికి వెళ్లాడు. సింహాసనం వెనక గోడంత అద్దం, కాస్త ముందుకు వాలి వేలాడుతోంది. ఎదుట నిలిచినవాడు అందులో చూసుకుని, పాగా సరిచేసుకున్నాకే రాజుతో మాట్లాడాలన్నది తాతలనాటి ఆచారం. దాన్ని తుడిచేది అచ్చమాంబ.

"పిన్నీ, ఇవాళ అద్దం తళతళలాడాలి. నా పాగా నాకే కనబడటం లేదు."

"ఓడిపోయే మొహానికి అద్దమొకటా నాయనా!" అంటూనే ఆమె విభూతి పెట్టి తోమింది.

అంతలో శాస్త్రి వచ్చాడు. పాపన్న చేతులు కట్టుకున్నాడు.

"శాస్త్రిగారూ, నన్ను ఏ మూలనో స్తంభం చాటున కూర్చోబెట్టండి. తమకు పుణ్యముంటుంది."

"మర్యాద తెలీదుటోయ్? ప్రభువుకు ఎదురుగానే కూర్చోవాలి. ఓడినప్పుడు నీ ముఖం ఎలా వాడుతుందో సభంతా చూడొద్దూ!"

"చిత్తం, తమ మాట దాటుతానా?"

రాజుగారు మూడు తెరలూ ముందు పెట్టించుకుని సింహాసనమెక్కారు. ఆట మొదలైంది. పాపన్న తలెత్తాడు, పాగా సర్దుకున్నాడు, దళాన్ని ఎడమ ద్వారానికి తోలాడు. అక్కడ రాజుగారి ఏనుగులు నుగ్గునుగ్గు చేశాయి. శాస్త్రి తొడగొట్టాడు. పాపన్న నాలుక్కరుచుకుని, ఈసారి ఎడమ అనుకున్నచోట కుడి నొక్కాడు.

అక్కణ్నుంచి చూడాలి! రాజు అడవిలో గుర్రాలు దాచితే పాపన్న అక్కడ నిప్పు పెట్టాడు. సొరంగంలో విలుకాళ్లను దింపితే నీళ్లు వదిలాడు. ప్రతిసారీ ముందు తలెత్తడం, పాగా సర్దడం. భయంతో తల దురదేమో అనుకున్నారు సభవాళ్లు.

టప్పున రాజుగారి జెండా పీకేశాడు!

"మోసం!" శాస్త్రి గంతేశాడు. "ఒక్క తెరతో ఇది అసాధ్యం. ఇంకోటి దాచాడు, వెతకండి!"

భటులు పాపన్న పాగా మూరమూరా విప్పారు. అది మండపం దాటి, వంటశాల చుట్టి, కోట గుమ్మందాకా వెళ్లింది. ఏమీ దొరకలేదు.

"శాస్త్రిగారిది సత్యవాక్కు ప్రభూ. ఒక్క తెరతో అసాధ్యమే. నేను నాలుగింటితో ఆడాను."

"నాలుగా! ఎక్కడివిరా?"

"నాదొకటి, తమరివి మూడు. ఒక్కసారి వెనక్కి తిరగండి."

రాజు తిరిగాడు. అద్దంలో తన పటం, తన రహస్య సైన్యం, పీకిన తన జెండా, అన్నీ కుడి ఎడమై తళతళలాడుతున్నాయి.

"ఒంటి తెరవాడు పటం చూసి మూసేస్తాడు ప్రభూ. మూడు తెరలవాడికి మూసే పనుండదు. ఎదుటివాడికి వెతికే పనుండదు."

"నిన్ను అద్దానికి ఎదురుగా కూర్చోబెట్టిన మహానుభావుడెవడు?"

"నేను స్తంభం చాటు చాలన్నాను. శాస్త్రిగారే మర్యాద నేర్పారు."

రాజుగారు నవ్విన నవ్వుకు కోట బురుజు మీది పావురాలు లేచి సాయంత్రందాకా వాలలేదు. చేతి బంగారు కడియం తీసి పాపన్నకు తొడిగారు.

"ఇంకేం కావాలో అడగరా!"

"నూనె వంటశాలకు ఇప్పించండి ప్రభూ. తమ మెడకు శాస్త్రిగారి పొడి చేతులు చాలు."

ఆ పూట పులిహోర పోపు వాసన మూడు పరగణాలు దాటింది. నమ్మరా? అద్దం తోమిన అచ్చమాంబను అడగండి!